పసుపు మీద రెండో రంగు

1999 ఆగస్టు 16, సోమవారం

నాకు ప్రెస్సు మీద ఆశ పుట్టిందని అమ్మీ ఈ రోజు పైకే అనేసింది. అన్నం దగ్గర. "మీ అబ్బా పోయి ఎనిమిది నెలలు కాలేదు, అప్పుడే అన్న కుర్చీ మీద పడింది నీ కన్ను" అంది. భయ్యా ఎదురుగానే కూర్చుని చేపలో ముళ్లు తీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

ఎత్తి ఒక్క మాట అనుంటే సరిపోయేది. "అది కాదు అమ్మీ, ఇల్మా రాకపోతే నాకు గడవదు" అంటే చాలు. అనడు. అనలేడు. ఎందుకు అనలేడో నాకు తెలుసు కాబట్టి నేనూ ఊరుకున్నాను. ఊరుకున్నాను కాబట్టి ఒప్పుకున్నట్టేనని అమ్మీ తీర్మానించుకుంది.

ఇది తెలుగులో రాసుకోవడానికి కారణం ఒకటే. అమ్మీ తెలుగు మాట్లాడుతుంది, పటమట రైతుబజారులో నాకన్నా బాగా బేరమాడుతుంది, కానీ చదవలేదు. భయ్యా చదవగలడు. అందుకే దీన్ని నా డిగ్రీ కెమిస్ట్రీ రికార్డుల మధ్య పెడుతున్నాను. వాటి జోలికి ఈ ఇంట్లో ఎవరూ రారు. నేను చదువుకున్నానన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

ఆగస్టు 17

రాసేస్తే లోపల్నుంచి పోతుందేమో. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

భయ్యాకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పెరట్లో దానిమ్మ చెట్టు నిండా పూసినా దగ్గరికి వెళ్తే గానీ పూసిందని తెలియదు. రాణి రంగు చీర కట్టుకున్నావిడని చూపించి "ఆ నీలం చీరావిడ ఎవరు?" అంటాడు.

నాకు ఆరేళ్లు, తనకి పదేళ్లు ఉన్నప్పుడు డ్రాయింగు పరీక్షకి చిలకని గోధుమ రంగులో వేశాడు. అబ్బా ఆ కాగితం ప్రెస్సుకి పట్టుకెళ్లి అందరికీ చూపించి నవ్వారు. గవర్నర్‌పేటలో ఏ ప్రెస్సులో రంగు కుదరకపోయినా అబ్బానే, ఇమామ్ సాబ్‌నే పిలుచుకెళ్లేవారు. ఆ ఇమామ్ సాబ్ కొడుకు వేసిన చిలక! ఆ సాయంత్రం భయ్యా మెట్ల కింద కూర్చుని, రంగు పెన్సిళ్ల డబ్బా నా ముందు పెట్టి, "ఇల్మా, ఇందులో పచ్చది ఏది?" అన్నాడు. కళ్లు వాచి ఉన్నాయి. నేను బ్లేడు తీసుకుని పెన్సిళ్ల వెనక గాట్లు పెట్టి ఇచ్చాను. ఎరుపుకి ఒకటి, పచ్చకి రెండు, నీలానికి మూడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. పదిహేడేళ్లయింది.

ఇప్పుడు అవే గాట్లు సిరా డబ్బాలకి. అబ్బా కలిపిన రంగు డబ్బా మీద ఎప్పుడూ పేరు రాయలేదు. అదే సిరాలో వేలు ముంచి మూత మీద ఒక ముద్ర వేసేవారు. చూసేవాడికి పేరెందుకు అనేవారు. ఆ ముద్రలు భయ్యాకి దేనికి పనికొస్తాయి? అందుకే అబ్బా రంజాన్‌లో పోయిన దగ్గర్నుంచి రోజూ నేను వెళ్తున్నాను. బండ మీద రంగు కలుపుతాను, డబ్బాకి ఎత్తుతాను, మూత మీద ముద్ర వేస్తాను. తర్వాత ఎవరూ చూడకుండా మూత అంచుకి మేకుతో గీతలు. భయ్యా బొటనవేలితో తడిమి చూసుకుంటాడు. పక్కనున్నవాళ్లకి మూత బిగిస్తున్నట్టే ఉంటుంది. మిషను తిప్పే శౌరయ్యగారు ఇరవై ఏళ్లుగా మాతోనే ఉన్నారు. ఆయనకీ తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను.

నేను ప్రెస్సుకి వెళ్లేది అందుకే. అంతే. ఇంకేం లేదు.

ఆగస్టు 23

ఇంకేం లేదని రాశాను. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఒక్కసారి కూడా ఇల్లు గుర్తు రాలేదు ఈ రోజు.

పవన్‌కుమార్ గారని హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చారు. పురుగుమందు డ్రమ్ముల్లో తెప్పించి చిన్న సీసాల్లోకి నింపి అమ్ముతారట. రెండు రకాలకి లేబుళ్లు కావాలి. ఒకటి మామూలు మందు, ఇంకోటి వరికి దోమ పడితే కొట్టేది, గట్టి విషం. పురుగుమందు సీసా మీద ముక్కోణంలో రంగు వేసి తీరాలి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివాళ్ల కోసం పెట్టిన రూలు. ఈయన మామూలు మందుకి పచ్చ, దోమ మందుకి ఎరుపు.

"రంగులు నాలుగు కనపడాలండీ, మిషను ఎక్కేది మాత్రం రెండుసార్లే" అన్నారు నవ్వుతూ.

భయ్యా నా వైపు చూశాడు. నేను అప్పటికే పెన్సిల్ తీశాను.

రెండు లేబుళ్లకీ మొదట పసుపు ఒకటే. లేబుల్ మీది పొలం బొమ్మా పసుపే, ముక్కోణమూ పసుపే. దాని మీద రెండో రంగు. మామూలు మందుకి నీలం వేస్తే తెల్ల కాగితం మీద అక్షరాలు నీలంగా ఉంటాయి, పసుపు మీద నీలం పడ్డ చోట ముక్కోణం పచ్చగా తేలుతుంది. దోమ మందుకి రాణి రంగు వేస్తే అక్షరాలు రాణి, ముక్కోణం ఎరుపు. పచ్చ సిరా లేదు, ఎర్ర సిరా లేదు. కానీ పచ్చా ఎరుపూ రెండూ ఉంటాయి. ఎన్నికల పోస్టర్ల తాకిడికి బజార్లో సిద్ధంగా దొరికే డబ్బాలు ఎలాగూ లేవు. ఉన్నవాటితో నేనే కలపాలి.

ఎంత హాయిగా ఉందో రాయడానికి మాటలు రావడం లేదు. అబ్బా ఉంటే "షాబాష్" అనరు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఇంకోసారి చూస్తారు. ఆయన మెచ్చుకోలు అదే.

సెప్టెంబరు 3

నీలం కుదరడం లేదు. పసుపు మీద వేలితో తట్టి చూస్తే నాచు రంగు వస్తోంది. చెరువు పాచిలా ఉంది. తెలుపు కలిపితే పాలిపోతోంది.

ట్యూబులైటు కింద చూడకూడదనేవారు అబ్బా. గుమ్మంలోకి వెళ్లి, కాగితం పగటి వెలుగులో పట్టుకుని, ఒకసారి రోడ్డు మీదికి చూసి మళ్లీ కాగితం చూడమనేవారు. కంటికి కూడా నోటిలాగే రుచి మారుతుందట. ఈ రోజు అలాగే గుమ్మంలో నిలబడి చూస్తుంటే, ఎదురుగా స్టీలు సామాన్ల కొట్టాయన "ఏమ్మా, ఇమామ్ సాబ్ పూనారా?" అన్నారు. నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది.

సెప్టెంబరు 9, గురువారం

తొమ్మిది, తొమ్మిది, తొంభై తొమ్మిది. ఈ రోజు కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లో రాశారు. మాది ఆగలేదు. నేనే ఆగిపోయాను.

పొద్దున రెండు లేబుళ్లూ చెరో పది కాగితాలు తిప్పి చూశాం. పచ్చ లేత వరినారు రంగు. ఎరుపు కొత్తగా కోసిన మిరపపండు. పసుపు మీద రెండో రంగు పడి మూడోది లేస్తుంటే శౌరయ్యగారు కూడా మిషను ఆపి చూశారు. "ఇల్మమ్మా, మీ నాయన చెయ్యి నీకు దిగింది" అన్నారు.

అప్పుడే పవన్‌కుమార్ గారు వచ్చారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, "బ్రహ్మాండంగా ఉందండీ, ఎవరిదీ ఐడియా?" అన్నారు.

"నాదేనండీ" అన్నాడు భయ్యా. "మా చెల్లెలు. ఇంట్లో తోచక వస్తుంటుంది. కాస్త కంప్యూటర్ నేర్పుతున్నా."

"మంచిదేగా. పెళ్లయ్యేదాకా కాలక్షేపం" అన్నారాయన.

ఇద్దరూ నవ్వుకున్నారు. శౌరయ్యగారు మిషను వైపు తిరిగిపోయారు.

నేను వెనక గదిలోకి వెళ్లాను. బండ మీద మిగిలిన నీలం ఒక డబ్బాకి ఎత్తాను. రాణి రంగు ఒక డబ్బాకి ఎత్తాను. వేలితో మూతల మీద ముద్రలు వేశాను. మూతలు బిగించాను. చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, చెప్పులు వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చాక అమ్మీ "ఇంత పెందలాడే వచ్చావేం?" అంది. తలనొప్పి అన్నాను.

సెప్టెంబరు 10

వెళ్లలేదు.

సెప్టెంబరు 11

వెళ్లలేదు. భయ్యా రమ్మనలేదు.

సెప్టెంబరు 13

ఇప్పటికి బుద్ధి వచ్చిందని అమ్మీ సంతోషంగా ఉంది. సేమియా చేసింది. "చూశావా, నీ అన్న ఎంత చక్కగా నడుపుకుంటున్నాడో" అంది. తిన్నాను.

సెప్టెంబరు 15

దోమ మందు లేబుళ్లు తొందరగా కావాలన్నారట. తిప్పేశామని, పార్సిల్ పంపేశామని భయ్యా అన్నాడు. చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా. బాగా వచ్చాయా అని అడగాలనిపించింది. అడగలేదు. నాకేం పని, తోచక వచ్చేదాన్ని.

సెప్టెంబరు 20, సోమవారం

వెళ్లాను.

మధ్యాహ్నం శౌరయ్యగారు క్యారేజీ విప్పుకున్నారు. కింద పరిచిన కాగితం పాడైన లేబుల్ షీటు. మిషను మొదలుపెట్టేటప్పుడు పోయే కాగితాలు అలాగే వాడతారు. పప్పు గిన్నె పక్కన ముక్కోణం పచ్చగా ఉంది. మామూలు మందు లేబుల్ కూడా తిప్పేశారా అనుకుంటూ వంగి పేరు చదివాను.

దోమ మందు.

"శౌరయ్యగారూ, ఇది ఎన్ని తిప్పారు?"

"అన్నీ అవే కదమ్మా. రెండు వేలు."

"పచ్చగా ఉంది కదండీ. ఇది ఎర్రగా ఉండాలి కదా."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు. "నేను అడిగానమ్మా. బాబు ఇచ్చిన డబ్బా మూత తీయగానే అడిగా. ఇది నీలం కదా బాబూ, మొన్న రాణి రంగుది చూశాం కదా అన్నా. 'డిజైన్ మార్చారు శౌరయ్యా, నువ్వు తిప్పు' అన్నారు. ఓనరు మాట కదా. నేనేమో అక్షరాలు చదవను, రంగే చూస్తా."

కన్నున్నవాడికి చదువు రాదు. చదువున్నవాడికి కన్ను లేదు. రెండూ ఉన్నదాన్ని, ఇంట్లో సేమియా తింటున్నాను.

సెప్టెంబరు 21

రామవరప్పాడు దగ్గర ఏలూరు బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్లాను. పవన్‌కుమార్ గారి షెడ్డులో సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నిటికీ పచ్చ ముక్కోణం, ముద్దుగా, లేతగా.

"రంగేముందండీ, మందు మందే" అన్నారు. "రెండూ చూశా గానీ ఏది దేనికో నాకేం గుర్తు? పేరు కరెక్టుగా ఉంది, అతికించేశాం. విషం అని కూడా ఉంది కదా."

"చదివేవాళ్లకండీ."

అప్పుడు ఆయన మొహం మారింది. కుర్రాళ్లని పిలిచి ఉన్నవన్నీ లోపల పెట్టించారు. కొత్త లేబుళ్లు రెండు రోజుల్లో ఇస్తానన్నాను. ఇప్పటికి ఎన్ని బయటికి పోయాయంటే, నాలుగు వందల దాకా, చుట్టుపక్కల ఊళ్లకి, దోమ పడింది కదా అన్నారు. కొట్లలో ఉన్నవి వెనక్కి తెప్పిస్తానన్నారు. "మీరు కూడా ఎక్కడా అనకండి, నాకు లైసెన్సు గొడవ" అన్నారు.

నాలుగు వందలంటే పెద్ద సంఖ్యేం కాదు. సగం కొట్లలోనే ఉంటాయి. మిగతా సగం కొన్నది రైతులు. రైతులు చదువుతారు.

సెప్టెంబరు 22

ప్రెస్సు తలుపు దగ్గరగా వేసి భయ్యాతో మాట్లాడాను.

"శౌరయ్యగారు అడిగారటగా?"

"అడిగాడు."

"మరి?"

"ఏమనమంటావు? నాకు కనపడదు, నువ్వే చూసుకో అనమంటావా? కరపత్రాలకొచ్చినవాళ్లు నలుగురున్నారు అక్కడ."

"నాకు కబురు చేస్తే రానా?"

"నువ్వు అలిగి కూర్చున్నావు. నేను రెండు మూతలూ తడిమాను. గీతల్లేవు. బరువుగా ఉన్న డబ్బా ఎర్రదానిదై ఉంటుందనుకున్నా."

"ఎందుకుండవు? పెట్టాను."

"లేవు ఇల్మా."

"పెట్టాను భయ్యా."

భయ్యా తిప్పిన తర్వాత కూడా కాగితం పట్టుకుని చూశాడట, పది నిమిషాలు. పసుపు మీద పడ్డాక పచ్చైనా ఎరుపైనా తనకి ఒకటే మట్టి రంగు.

అబ్బా కాలంలో అయితే ఇలాంటి చిన్న పనికి బజార్లో కొన్న ఎర్ర సిరా వేసేవారు, డబ్బా మీద కంపెనీవాళ్లు అచ్చు వేసిన రంగు పేరు ఉండేది. భయ్యా చదువుకునేవాడు. రెండు సిరాలతో మూడు రంగులు పుట్టించింది నేను.

సెప్టెంబరు 24

కొత్త లేబుళ్లు పంపాం. మిరపపండు ఎరుపు. దగ్గరుండి తిప్పించాను. అయిపోయింది.

అక్టోబరు 4, సోమవారం

శౌరయ్యగారు శుక్రవారం నుంచి రాలేదు. ఈ రోజు వచ్చారు, గడ్డం మాసిపోయి ఉంది. వాళ్ల ఆవిడ పుట్టిల్లు హనుమాన్ జంక్షన్ అవతల కాలవ గట్టు మీద ఊరు. అక్కడ వరసకి మరదలట, అమలమ్మ అని. పోయింది. ముప్పై రెండేళ్లు.

"ఏమైంది?" అన్నాను.

"పురుగుమందమ్మా." కండువాతో మొహం తుడుచుకున్నారు. "తాగిందంటున్నారు. పొద్దున మొగుడూ పెళ్లాం మాటా మాటా అనుకున్నారంట. ఆ జక్కయ్యని పోలీసులు రెండుసార్లు తీసుకెళ్లి కూర్చోబెట్టారు. వాడేమో తాగలేదు, చేత్తో కలిపింది, అంతే అని ఏడుస్తున్నాడు. ఎవురూ నమ్మట్లా."

"ఎందుకు నమ్మరు?"

శౌరయ్యగారు మిషను వైపు చూశారు.

"సీసా మీద పచ్చ గుర్తుందంటమ్మా. పచ్చ గుర్తు మందు చేతికంటితే ఎవురూ చావరంట. తాగితేనే చస్తారంట. ఎస్సై గారు అదే అన్నారంట."

అక్టోబరు 5

గీతలు పెట్టాను. నాకు బాగా గుర్తుంది. మేకు బల్ల సొరుగులో ఉంటుంది. తీశాను, పెట్టాను.

అక్టోబరు 6

పెట్టాను.

అక్టోబరు 7

డబ్బాలు వెనక గదిలోనే ఉన్నాయి. రాణి రంగు డబ్బా మూత అంచు చుట్టూ వేలితో తడిమాను, భయ్యాలాగా కళ్లు మూసుకుని. నున్నగా ఉంది. నీలం డబ్బాదీ నున్నగానే ఉంది.

ఇంటికొచ్చి ఈ డైరీ తిరగేశాను. తొమ్మిదో తేదీ. మూతల మీద ముద్రలు వేశానని ఉంది. మూతలు బిగించానని ఉంది. చేతులు దేంతో కడుక్కున్నానో కూడా ఉంది. గీతలు గీశానని లేదు.

మర్చిపోయానా? మర్చిపోలేదు. మేకు సొరుగులో ఉంది. సొరుగు తీయాలంటే భయ్యా కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్లాలి. వెళ్లలేదు. రేపు వెతుక్కోనీ, అప్పుడు తెలుస్తుంది నా విలువ అనుకున్నాను. ఆ మాటలే అనుకున్నాను. ఆ రోజు డైరీలో కూడా రాయలేదు.

అక్టోబరు 10, ఆదివారం

అమలమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. స్నేహితురాలి ఇంటికని అమ్మీతో చెప్పాను. జంక్షన్‌లో దిగి ఆటో ఎక్కాను. ఆటో అతను కాలవ వంతెన దగ్గర ఆపి, "ఆ మందు తాగినావిడ ఇల్లేగా? అదిగో" అని చూపించాడు. ఊరి బయటివాడికి కూడా అదే పేరు స్థిరపడిపోయింది.

జక్కయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. నేను శౌరయ్యగారి ప్రెస్సు నుంచి వచ్చానన్నాను. అది అబద్ధం కాదు. లేచి చాప వేశాడు.

"మాటా మాటా అనుకున్న మాట నిజమేనమ్మా" అన్నాడు. "టీలో పంచదార లేదని గళాసు ఇసిరేశా. అంతే. ఆ గళాసు ఏరి, కడిగి, ఇంకో టీ పెట్టిచ్చింది. అట్టాంటి మనిషి తాగుద్దా? చేలో నేను మందు కొడతా ఉంటే ఆవిడ బకెట్లో కలిపి ఇస్తా ఉంది. కర్రతో కలపమన్నా. 'పచ్చదేగా, ఏం కాదులే' అంది. మోచేతి దాకా పెట్టి కలిపింది. ఆ చేతులు కాలవలో జాడించుకుని అన్నం తిన్నాం ఇద్దరం. సాయంత్రానికి నురగలు. బెజవాడ తీసుకొస్తా ఉంటే దారిలోనే..."

"ఎర్రది వేరు, పచ్చది వేరు అని ఆవిడకి ఎలా తెలుసు?"

"అదిగోనమ్మా."

తలుపు పక్కన మట్టిగోడకి కాగితం అంటించి ఉంది. మూడేళ్ల క్రితం వ్యవసాయ ఆఫీసరు ఊళ్లో మీటింగు పెట్టి పంచారట. పైనుంచి కిందికి నాలుగు ముక్కోణాలు. ఎర్రది ముట్టుకోవద్దు. పచ్చది తక్కువ ప్రమాదం. పక్కన చేతి బొమ్మలు. అమలమ్మే మైదాపిండి ఉడకబెట్టి అంటించిందట. మందు కొన్నప్పుడల్లా సీసా తెచ్చి దానికి ఆనించి చూసుకునేదట.

కాగితం అంచులు చెదలు తిన్నాయి. ఎరుపు మాత్రం నిన్న వేసినట్టుంది. దగ్గరికి వెళ్లి చూశాను. కింద మూలన చిన్న అక్షరాల్లో మా ప్రెస్సు పేరు.

అది అబ్బా కలిపిన ఎరుపు. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, ఇది చూసి పాపం చదువు రాని మనుషులు ప్రాణం కాపాడుకోవాలి, ఎండకి వెలిసిపోకూడదు అని మూడు రోజులు కలిపారు.

"నేను కొట్టేవాణ్ణంట, అందుకే తాగిందంట. మా అత్తగారే మొహం చూట్టంలా" అన్నాడు జక్కయ్య. "మాట్టాడలేని మనిషి మీద ఎన్నైనా అంటారమ్మా."

మంచినీళ్లు ఇచ్చాడు. తాగాను. ఏమీ చెప్పకుండా లేచి వచ్చేశాను.

అక్టోబరు 11

భయ్యాకి అంతా చెప్పాను. మూతల సంగతి కూడా. నేను కావాలనే పెట్టలేదన్నాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పాత షీటొకటి, కొత్త షీటొకటి తీసుకుని రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"ఇందులో ఏది చంపింది ఇల్మా? నాకు రెండూ ఒకటే."

ఎడమ చేతిలోది చూపించాను.

రెండూ బల్ల మీద పెట్టేసి, "ఎవరికీ చెప్పనని ఒట్టు వేశావు" అన్నాడు. "ఇది బయటికొస్తే గవర్నర్‌పేటలో నాకు నల్ల సిరా పని కూడా ఎవడూ ఇవ్వడు. ఇమామ్ సాబ్ కొడుకు గుడ్డివాడంటారు. పోలీసులు ఏం చేస్తారో తెలియదు. పోయినావిడ తిరిగి రాదు కదా. నెలనెలా ఆ జక్కయ్యకి ఏదైనా చేద్దాం, చాటుగా."

"అతను ఏమీ అడగలేదు భయ్యా. తాగలేదని నమ్మమంటున్నాడు, అంతే."

"అమ్మీ ఏమనుకుంటుందో ఆలోచించావా? నన్ను దింపి నువ్వు కూర్చోడానికే ఇదంతా చేశావంటుంది. చచ్చేదాకా అదే అంటుంది."

నిజమే. అదే అంటుంది. నేను అబ్బా కుర్చీ కోసం అన్నని గుడ్డివాణ్ణి చేశానంటుంది. చుట్టాలు అదే అంటారు. ఇంకో సంగతి, ఇప్పుడు రాసుకోకపోతే ఎప్పటికీ రాసుకోలేను: ఆ కుర్చీ నాకు కావాలి. ఎప్పట్నుంచో కావాలి. అమ్మీ అన్న మాటలో అబద్ధం సగమే.

కానీ అమలమ్మ మీద అంటున్నదాంట్లో సగం కూడా నిజం లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అమ్మీ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "మొహం అలా ఉందేం బేటీ, అన్నతో మళ్లీ గొడవ పడ్డావా?" అంది. పక్కన కూర్చుని నేనూ ఏరాను. ఆవిడ కళ్లు ఇంకా ఎంత బాగా కనిపిస్తాయో. ఒక్క రాయి కూడా వదలదు. ఇరవై ఏడేళ్లుగా కొడుకుని చూస్తోంది.

అక్టోబరు 12, మంగళవారం

రాణి రంగు డబ్బా మూత, నీలం డబ్బా మూత సంచిలో పెట్టాను. శౌరయ్యగారి దగ్గర పప్పు మరక పడ్డ షీటు ఇంకా ఉంది. పారేయలేదట. "నువ్వు అడుగుతావని దాచా" అన్నారు. భయ్యా గురించి ఆయనకి తెలుసట. ఎప్పట్నుంచి అని అడిగితే, "మీ నాయనకీ తెలుసమ్మా" అన్నారు. "చిలక బొమ్మ చూసి నవ్విన రోజే తెలిసింది. ఆ రోజు మధ్యానం అన్నం తినలా ఆయన. అందుకే నిన్ను బండ దగ్గర నిలబెట్టి నేర్పింది."

నాకెవరూ చెప్పలేదు. ఎవరి రహస్యం వాళ్లు మోశాం, ఒకే గదిలో.

శౌరయ్యగారు తనూ వస్తానన్నారు. భయ్యా తన గదిలో తలుపు వేసుకున్నాడు. అమ్మీకి పొద్దున వెళ్లే ముందు నేనే చెబుతాను, నిలబడి, ఉర్దూలో, ఒక్కసారే.

రేపు తొమ్మిది గంటల ఏలూరు బస్సుకి వెళ్తున్నాను. ముందు జక్కయ్య ఇంటికి, అక్కణ్ణుంచి అతనితో కలిసి పోలీస్ స్టేషనుకి. ఆ సీసా మీద ఉండాల్సిన రంగు ఎరుపని చెబుతాను. అమలమ్మ రంగు సరిగ్గానే చదివిందని చెబుతాను. మూతలకి గీతలు కావాలనే పెట్టలేదని, నా అన్న మునీర్‌కి ఎరుపూ పచ్చా తెలియవని, అది నాకు ఆరేళ్లప్పట్నుంచి తెలుసని చెబుతాను. ఈ డైరీ కూడా ఇచ్చేస్తాను.